ఫీనిక్స్ పార్కులు చూడ్డానికి గైడుతో ఈ-బైకా, అద్దె బండా, కారా, కాలినడకా?

మహబూబ్‌నగర్‌లో ఒక్క మా వీధి నుంచే నాలుగిళ్ల పిల్లలు అరిజోనాలో ఉన్నారు. అక్కడి ఫీనిక్స్ నగరం చుట్టుపక్కల ఊళ్లైన చాండ్లర్, గిల్బర్ట్, టెంపీ అన్న పేర్లు మాకిప్పుడు జడ్చర్ల, దేవరకద్ర అన్నంత అలవాటు. వీసా చేతికొచ్చిన జంట ఎవరైనా సరే, జొన్నపిండి ఎన్ని కిలోలు తీసుకెళ్లొచ్చు, పచ్చడి ప్యాకెట్లకు సీలు ఎక్కడ వేస్తారు అన్న ప్రశ్నలు అయిపోయాక నన్నడిగేది ఇదే: "టీచరమ్మా, పిల్లలు అక్కడేదో కరెంటు సైకిళ్ల టూరు బుక్ చేస్తామంటున్నారు. ఈ వయసులో మాకెందుకది? కార్లో తిప్పితే చాలదా?"

కొందరికి కారే మేలు. కొందరు కార్లోనే తిరిగొస్తే ఆ ఊరిని సగం కూడా చూడనట్టే. నేను రెండుసార్లు వెళ్లాను, ఒకసారి మే నెలలో, ఒకసారి నవంబరులో. గైడు వెంట ఈ-బైకు మీద తిరిగాను, సొంతంగా అద్దెకు తీసుకున్నాను, అల్లుడి కార్లో తిరిగాను, నడిచాను కూడా. అద్దె బండి తీసుకున్న రోజు నవ్వులపాలయ్యాను. అదీ చెప్తాను.

ఈ-బైక్ అంటే మనవాళ్లు స్కూటరు అనుకుంటారు. ఇది సైకిలే. తొక్కాలి, తొక్కుతుంటే మోటారు తోడుపడుతుంది. అరిజోనాలో 2018 నుంచి చట్టప్రకారం ఇవి మూడు తరగతులు. మొదటిది తొక్కితేనే కదులుతుంది, గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్ల దాకా మోటారు సాయం ఉంటుంది. రెండో దానికీ వేగం అంతే, కాకపోతే తొక్కకపోయినా నడిపించే థ్రాటిల్ ఉంటుంది. మూడోది 28 మైళ్ల దాకా పోతుంది, పార్కు బాటల మీద మనకది వద్దు. వేటికీ లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలోనూ 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం దాటని వాటికి అక్కర్లేదు కదా. అక్కడ మోటారు 750 వాట్ల దాకా ఉండొచ్చు కాబట్టి, మన దగ్గర తొక్కి చూసిన ఎలక్ట్రిక్ సైకిల్ కంటే విసురు ఎక్కువ.

ముందు ఇవి చూసుకోండి

అన్నిటికంటే ముందు నెల. మనవాళ్లు ఇక్కడి ఎండలు తప్పించుకుందామని ఏప్రిల్, మే టికెట్లు తీసుకుంటారు. ఫీనిక్స్‌కు వెళ్లేవాళ్లు మాత్రం ఆ పని చేయకండి. 2023లో జూన్ 30 నుంచి అక్కడ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43, ఆ పైన నమోదైంది. 2024లో వరుసగా 113 రోజులు 100కు, అంటే 38కి తగ్గలేదు. పాలమూరు ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లం, మనకో లెక్కా అన్న ధీమా నాకూ ఉండేది. తేడా ఎక్కడుందంటే, అక్కడ చెమట పట్టినట్టే తెలియదు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట బయటికి రాగానే ఆరిపోతుంది. మోచేతి మీద వేలు రాస్తే ఉప్పు గరగరలాడుతుంది, అప్పుడు గానీ ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో అర్థం కాదు. ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో కొన్ని కొండదారులను పొద్దున్నుంచి సాయంత్రం 5 దాకా నగర అధికారులే మూసేస్తారు.

అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా హాయి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 7, 8 డిగ్రీలే ఉంటుంది, బండి మీద చేతులు కొంకర్లు పోతాయి, గ్లౌజులు పెట్టుకోండి. తప్పనిసరై వేసవిలోనే వెళ్లారా, సూర్యుడితో పాటు బయల్దేరి 8 కల్లా ఇంట్లో ఉండండి. జూన్‌లో అక్కడ 5:20కే పొద్దు పొడుస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా వాళ్లకు వానాకాలం లెక్క. మనలాగా ముసురు కాదు, ఉన్నట్టుండి గోడలాగా దుమ్ము లేచి ఊరి మీదికొస్తుంది. దాన్ని హబూబ్ అంటారు. "మహబూబ్‌నగర్ నుంచి వచ్చి హబూబ్‌లో ఇరుక్కోకండి అత్తమ్మా" అని మా అల్లుడు ప్రతి ఫోన్లో అదే జోకు.

రెండోది మీ ఒళ్లు. ఇక్కడ వయసు కాదు ప్రశ్న, చిన్నప్పుడు సైకిల్ తొక్కారా లేదా అన్నదే. తొక్కినవాళ్లకు మోకాళ్లు నొప్పులున్నా ఈ-బైక్ నడుస్తుంది, ఎందుకంటే ఎత్తు ఎక్కేటప్పుడు భారం మోటారుదే. ఎన్నడూ తొక్కనివాళ్లకు ఎంత ఖరీదైన మోటారైనా బ్యాలెన్స్ నేర్పదు. ఇక్కడే ఒక పరీక్ష పెట్టుకోండి: పొద్దున్నే ఎవరిదైనా మామూలు సైకిల్ అడిగి పెద్దచెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. పావుగంట ఆగకుండా తొక్కాలి. కుడికీ ఎడమకూ చిన్న మలుపు తిరగాలి. ఒక్క క్షణం వెనక్కి చూసి కూడా తిన్నగా పోవాలి. ఆగినప్పుడు ఒక కాలు నేలకానించి నిలబడగలగాలి. ఈ నాలుగూ వస్తే చాలు.

మూడోది, ఏ పార్కు చూడాలనుకుంటున్నారు. చదునుదా, గుట్టలదా? డబ్బు చివర చూసుకుందాం. అమెరికా దాకా వెళ్లాక తేడా వచ్చేది అక్కడ కాదు.

| | గైడుతో ఈ-బైక్ | అద్దె ఈ-బైక్ | పిల్లల కారు | నడక |
|---|---|---|---|---|
| ఎవరికి | సైకిల్ వచ్చి, దారి తెలియనివాళ్లకు | ఒకసారి గైడుతో తిరిగినవాళ్లకు | సైకిల్ రానివాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు | మోకాళ్లు బాగున్నవాళ్లు |
| ఏ పార్కులు | వాగు వెంట పచ్చబాట, టెంపీ చెరువు | అవే | సౌత్ మౌంటెన్, పపాగో | బొటానికల్ గార్డెన్, పపాగో |
| వేసవిలో | తెల్లారుతూనే బయల్దేరేదైతేనే | వద్దు | పర్వాలేదు | తెల్లవారుజామున కాసేపే |
| ఖర్చు | తలకింత, పైన టిప్పు | గంటల లెక్క | పెట్రోలే | గార్డెన్ టికెట్టు |
| నా ఓటు | మొదటి వారం | రెండో నెల | ఎప్పుడైనా | శీతాకాలం |

గైడుతో ఈ-బైక్

ఫీనిక్స్‌ను ఆనుకుని స్కాట్స్‌డేల్ ఉంది. అక్కడ ఇండియన్ బెండ్ వాష్ అని ఒక వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది. వానొస్తే మాత్రం ఊరిని రెండు ముక్కలు చేసేది. దానికి కాంక్రీటు కాలువ కట్టేద్దామని ఇంజనీర్లు ప్రతిపాదిస్తే, ఊరివాళ్లు వద్దని 1960ల్లోనే తిప్పికొట్టారు. 1972లో పెద్ద వరద వచ్చాక పని ఊపందుకుంది. వాగును వాగులాగే వదిలేసి, అందులోనే పచ్చిక, చెరువులు, ఆటస్థలాలు, గోల్ఫ్ మైదానాలు, మధ్యలో సైకిల్ బాట వేసుకున్నారు. దాదాపు 11 మైళ్లు, అంటే 17, 18 కిలోమీటర్లు. వరదొచ్చిన రోజు పార్కంతా నీళ్లు పారతాయి, తగ్గాక కడిగేసి మళ్లీ తెరుస్తారు. గైడు ఇది చెప్తుంటే నాకు మన వాగులే గుర్తొచ్చాయి. ఎండినప్పుడు వాగును ప్లాట్లు చేసి అమ్ముకుని, వానొచ్చినప్పుడు కాలనీ మునిగిందని ఏడుస్తాం.

మన వయసువాళ్లకు ఈ-బైక్ కోసమే చేసినట్టుంటుంది ఈ బాట. చదును. పెద్ద రోడ్లు అడ్డం వచ్చిన చోటల్లా బాట వంతెనల కింద నుంచి దూరిపోతుంది కాబట్టి కార్లకు ఎదురు పడేది చాలా తక్కువ. చపరాల్, ఎల్డొరాడో, విస్టా డెల్ కమీనో అని పార్కు తర్వాత పార్కు. దక్షిణానికి పోతూ ఉంటే టెంపీ టౌన్ లేక్ వస్తుంది. సాల్ట్ నదికి అడ్డంగా ఆనకట్టలు వేసి 1999లో నింపిన చెరువు అది. పైన విమానాలు దిగుతుంటాయి, కింద పిల్లలు పడవలు తొక్కుతుంటారు.

గైడుకు డబ్బు కట్టేది దారి చూపడానికే అనుకుంటే దండగ. దారి ఫోను కూడా చూపిస్తుంది. గైడు ఎందుకంటే, ఒక సంగతి చెప్తాను. ఎల్డొరాడో పార్కు దాటాక మా ఆయన బండి వెనక చక్రం బుస్సుమంది. గైడు అమ్మాయి దిగి, చక్రం తిప్పి, టైరులోంచి ఏదో లాగి అరచేతిలో పెట్టి చూపింది. రెండు కొమ్ములు పైకి పెట్టుకున్న చిన్న ముల్లు. మేకతల అంటారట అక్కడ. మా ఆయనా నేనూ ఒక్కసారే "పల్లేరు కాయ!" అన్నాం. అచ్చం అదే మొక్క, మన చేలగట్ల మీద అరికాళ్లలో దిగేదే, ఎట్లా చేరిందో ఆ దేశం చేరింది. ముల్లు లాగిన రంధ్రంలోంచి ఆకుపచ్చ జిగురు ఉబికి వచ్చింది. ఆ అమ్మాయి చక్రాన్ని రెండు చుట్లు తిప్పింది, బుడగలు ఆగిపోయాయి, గాలి కొట్టింది, అంతే. అక్కడి ట్యూబుల్లో ముందే ఆ జిగురు పోసి ఉంచుతారు. మేమిద్దరమే ఉండి ఉంటే పాతిక కిలోల బండిని తోసుకుంటూ పంక్చర్ షాపు వెతుక్కునేవాళ్లం. మన దగ్గరలాగా మూలమూలకీ ఉండదక్కడ పంక్చర్ షాపు.

ఆ అమ్మాయి జేబులో ఒక దువ్వెన కూడా ఉంది. చోయా అనే ముళ్ల జెముడు ముక్కలు ఇట్టే తగిలితే చాలు, ఊడొచ్చి బట్టలకో కాలికో పట్టుకుంటాయి. చేత్తో పీకితే చేతికి అంటుకుంటాయి, దువ్వెనతో ఎగరేయాలి. పాలో వెర్డే చెట్టు దగ్గర ఆపి కాండం మీద గోరుతో చూపింది. బెరడే పచ్చగా ఉంటుంది, ఆకులు రాలిపోయినా బెరడుతోనే తిండి తయారు చేసుకుంటుంది. మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమని మాత్రం నేనే చెప్పాను.

కాలువల కథ కూడా గైడు నోట వినాల్సిందే. ఈ ఎడారిలో వెయ్యేళ్ల కిందటే హోహోకమ్ జనం వందల మైళ్ల కాలువలు తవ్వారు. ఇనుము లేదు, ఎద్దు లేదు, బండి లేదు. కర్రలతో, రాళ్లతో తవ్వి, బుట్టల్లో మట్టి మోశారు. 1860ల్లో వచ్చినవాళ్లు ఆ పాత కాలువల జాడల్నే తిరగతోడి పొలాలు పెట్టారు. పాత ఊరి బూడిదలోంచి లేచిన ఊరని ఫీనిక్స్ అని పేరు పెట్టుకున్నారు. దేశమంతా ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ కావాలనేవారు ఒకప్పుడు. మా తాతల తరంలో తట్టా పారా పట్టని ఇల్లు తక్కువ. ఆ గట్టు మీద బండి ఆపి నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

ఇక లోపాలు. గుంపు వేగమే మీ వేగం, నీడ కనిపించిందని కూర్చుంటామంటే కుదరదు. గైడు ఇంగ్లిషు వేగంగా ఉంటుంది, పిల్లల్లో ఒకరైనా వెంట ఉంటే మంచిది. ఎక్కే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, పడితే మీదే బాధ్యతని దాని అర్థం. కాబట్టి ఇక్కడ తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సులో సైకిల్ ప్రమాదాలు ఉన్నాయో, సాహస క్రీడలని పక్కన పెట్టారో ముందే చదవండి. అమెరికాలో చెయ్యి విరిగితే నొప్పి కంటే బిల్లు ఎక్కువ. పైగా టిప్పు. 15 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడి మర్యాద, టికెట్టు ధర చూసుకునేటప్పుడే కలుపుకోండి.

అద్దెకు తీసుకుని సొంతంగా

చవక, స్వేచ్ఛ. నచ్చిన చెరువు దగ్గర అరగంట కూర్చోవచ్చు, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినొచ్చు. ఇద్దరు మూడు గంటలు తిరిగితే గైడుకిచ్చే దానికంటే బాగా తక్కువ పడుతుంది. కానీ మొదటిసారే ఇది వద్దు.

నా సంగతి చెప్తానన్నాను కదా. మొదటి ప్రయాణంలో, గైడెందుకు దండగ అని నేనే పట్టుబట్టి అద్దెకు తీసుకున్నాను. షాపు కుర్రాడు రెండు నిమిషాల్లో అన్నీ చెప్పేసి తాళం ఇచ్చాడు. నాకు ఇరవై ఏళ్లుగా స్కూటీ అలవాటు. ఎడమ చేతి బ్రేకు వెనక చక్రానిదని ఒళ్లు నేర్చుకుని ఉంది. అమెరికాలో సైకిల్ ఎడమ బ్రేకు ముందు చక్రానిది. పైగా డిస్కు బ్రేకు. వంతెన కింద వాలులో ఒక కుక్కపిల్ల అడ్డొస్తే ఎడమ చేత్తో గట్టిగా పట్టాను. బండి అక్కడే ఆగింది, నేను ఆగలేదు. హ్యాండిల్ మీదికి ఒరిగి, పచ్చికలో కూర్చున్నాను. దెబ్బ తగల్లేదు. కుక్కను పట్టుకున్నావిడ కంగారుపడి ఏడ్చినంత పని చేసింది, ఆమెను నేను ఓదార్చాను.

కాబట్టి ఎక్కగానే ఖాళీ స్థలంలో ఒక్కో బ్రేకునూ విడిగా నొక్కి చూసుకోండి. ఇంకోటి, బండి ఆగి ఉన్నప్పుడు పెడల్ మీద కాలు బరువు పెట్టకండి. కొన్నింట్లో పెడల్ అర చుట్టు తిరగగానే మోటారు ఒక్క గుంజు గుంజుతుంది. ఆగేటప్పుడు మోటారు సాయం అన్నిటికంటే తక్కువ మెట్టుకు దించి, రెండు బ్రేకులూ పట్టుకుని ఉండాలి. అక్కడ కుడివైపు నడపాలన్నది తెలిసిందే. అయినా మలుపు తిరిగాక మనసు ఎడమకే లాగుతుంది.

గైడుతో ఒకసారి తిరిగి వచ్చాక రెండో నెలలో ఇదే అద్దె బండి ఎంత హాయిగా ఉందో. అదే బాట, ఈసారి మా తీరుబాటున. ఆరు నెలలు ఉండేవాళ్లకు అసలు లాభం ఇదే.

కారు

సౌత్ మౌంటెన్ పార్కు 16,000 ఎకరాలకు పైనే. ఒక ఊరికి చెందిన పార్కంటే నమ్మబుద్ధి కాదు. పైన డాబిన్స్ లుకౌట్ 2,330 అడుగుల ఎత్తులో ఉంటుంది, కారు అక్కడిదాకా పోతుంది. పొద్దు గుంకే వేళకు వెళ్తే ఊరంతా దీపాల పళ్లెంలా కింద పరుచుకుని కనిపిస్తుంది. ఈ ఘాట్ రోడ్డుకు ఈ-బైకు మీద వెళ్లేవాళ్లు బోలెడుమంది. ఎక్కడం మోటారు చూసుకుంటుంది సరే, దిగేటప్పుడు వంపుల్లో బ్రేకులు మీరే పట్టాలి. మన బ్యాచ్‌కు అది వద్దు. సైకిల్ రానివాళ్లు, మనవల్ని ఎత్తుకుని తిరిగేవాళ్లు కారుతోనే సంతోషంగా ఉండండి, ఇందులో చిన్నతనమేం లేదు. ఒకటే చిక్కు, కారు దిగేది పార్కింగు దగ్గరే. ఏసీలోంచి ఎండలోకి, ఫొటో, మళ్లీ ఏసీలోకి. సాగ్వారో అనే ఆ నిలువెత్తు జెముళ్లకు చేతుల్లాంటి కొమ్మ రావడానికే యాభై, డెబ్బై ఏళ్లు పడుతుందట. దాన్ని కిటికీలోంచి చూసి ముందుకు పోవడం నాకు నచ్చలేదు.

నడక

డెసర్ట్ బొటానికల్ గార్డెన్ 1939 నాటిది, పపాగో పార్కును ఆనుకునే ఉంటుంది. బండి లోపలికి రాదు, టికెట్టు ఉంది, చదునైన బాటలు, మధ్యమధ్య బెంచీలు. మొక్కలంటే ఇష్టమున్నవాళ్లు దీన్ని ఏ టూరుకోసమూ వదులుకోవద్దు.

పపాగోలో ఎర్రటి ఇసుకరాతి గుట్టలుంటాయి. ఒకదానికి నడుమ పెద్ద కన్నం, హోల్ ఇన్ ద రాక్ అంటారు. ఎక్కడానికి పది, పదిహేను నిమిషాలు. దాని పైకప్పు రంధ్రంలోంచి పడే ఎండను బట్టి పాతకాలం వాళ్లు రుతువులు గుర్తించేవారని చెప్తారు. నల్లగొండ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ చూసినవాళ్లకు ఈ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. చివర్లో రాళ్లు నున్నగా అరిగి జారతాయి, చెప్పులతో ఎక్కకండి.

ఎవరికి ఏది

భార్యాభర్తల్లో ఒకరికి సైకిల్ వచ్చి ఇంకొకరికి రాకపోతే, రెండు సీట్లుండి ఇద్దరూ కలిసి తొక్కే టాండెం సైకిల్ అడగండని కొందరు సలహా ఇస్తారు. అలవాటు లేని ఇద్దరికి అదొక పంచాయితీ, వద్దు. వచ్చినవాళ్లు టూరుకు వెళ్లండి, రానివాళ్లు పిల్లలతో కార్లో టెంపీ చెరువు దగ్గరికి వచ్చి కలుసుకోండి. నవంబరులో నా చెల్లెలి కుటుంబం ఇట్లాగే చేసింది, చెరువు ఒడ్డున కారప్పూస తింటూ ఎవరి కథలు వాళ్లు చెప్పుకున్నారు.

మోకాళ్లు నొప్పులున్నా సైకిల్ అలవాటున్నవాళ్లకు గైడుతో ఈ-బైకే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వేసవి టూరు మాటే ఎత్తకండి, శీతాకాలంలో కూడా డాక్టరును ఒక మాట అడగండి. పది పన్నెండేళ్ల మనవలుంటే కనీస వయసు, ఎత్తు అడగాలి, చాలాచోట్ల చిన్నపిల్లలకు ఈ బండి ఇవ్వరు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా: చీరతో వద్దు. కొంగు కంటే కుచ్చిళ్లు ప్రమాదం. చుడీదార్ వేసుకుని, చున్నీ ఇంట్లో వదిలేసి, బూట్లు వేసుకోండి. బుక్ చేసేటప్పుడు "స్టెప్-త్రూ ఫ్రేమ్" కావాలని చెప్పించండి. మన లేడీస్ సైకిల్‌లాగా నడుమ కడ్డీ కిందికి ఉంటుంది, కాలు ఎత్తి అవతలికి వేయక్కర్లేదు. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు మగవాళ్ల బండి ఎక్కడానికే ఫుట్‌పాత్ మెట్టు వెతుక్కున్నాను.

నీళ్లు తలకు గంటకో లీటరు. టూరువాళ్లు ఒక సీసా ఇస్తారు, చాలదు. ఉప్పు, నిమ్మకాయ పిండిన సీసా ఇంకోటి మీరే పెట్టుకోండి. ఇక్కడి నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లు టైము చూసుకోండి, అరిజోనాలో ఏడాది పొడుగునా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, మిగతా అమెరికాలాగా గడియారం మార్చుకోరు.

మా పక్కింటివాళ్లకు ఈ నవంబరుకే టికెట్లు. నెల రోజులుగా భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే చెరువుకట్ట మీద సైకిల్ పరీక్ష రాస్తున్నారు. ఆమె నాలుగూ పాసైంది. ఆయనకు ఎడమ మలుపు దగ్గర ఇంకా కాలు కింద పెట్టాల్సి వస్తోంది. ఆయన పేరు కారు లిస్టులో రాయించాను. ఇంకా నాతో మాట్లాడట్లేదు.